కొత్త వేదికలో మొదటి వారం చెప్పేది, చెప్పనిది

పేరు, పాస్‌వర్డ్, ఒక ఫొటో. అకౌంట్ తెరవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత తెర మీద చూడటానికి ఏమీ ఉండదు. మనం ఫాలో అయ్యేవారు సున్నా, మనల్ని ఫాలో అయ్యేవారు సున్నా. బావిలో రాయి వేసినా చప్పుడు వస్తుంది గానీ, ఇక్కడ పోస్ట్ పెడితే అదీ రాదు. కొత్త సోషల్ మీడియా వేదికను చూద్దామని వెళ్ళినవారిలో చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. పాత యాప్‌లోకి వచ్చి "వెళ్ళి చూశాను, అక్కడెవరూ లేరు" అని రాస్తారు. దానికి బోలెడు లైకులు వస్తాయి.

ఇంకో రకం వారూ ఉన్నారు. వీరికి మొదటి వారమే తెగ నచ్చేస్తుంది. ప్రకటనలు లేవు, తిట్లు లేవు, అడిగిన ప్రతి ప్రశ్నకూ ముక్కూమొహం తెలియనివారు మర్యాదగా జవాబిస్తున్నారు. పాత చోట వేల మంది ఫాలోయర్లున్నా రాని స్పందన ఇక్కడ ముప్పై మందితో వస్తోంది. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, వారం తిరిగేసరికి పాత అకౌంట్ మూసేద్దామా అన్న ఆలోచన కూడా వస్తుంది.

ఈ రెండు తీర్పులూ ఒకే పొరపాటులోంచి పుట్టినవి. వేదిక బాగుందనో బాగోలేదనో చెబుతున్నట్టు ఉంటాయి గానీ, రెండూ కొలిచింది అక్కడి జనసంఖ్యనే. జనం తక్కువ కాబట్టి ఖాళీగా ఉంది. జనం తక్కువ కాబట్టే మర్యాదగానూ ఉంది. స్పామ్ పంపేవారు, మోసగాళ్ళు, పనిగట్టుకుని కయ్యానికి దిగేవారు జనం ఎక్కడుంటే అక్కడికే పోతారు. ప్రకటనలు ఇచ్చే కంపెనీలూ అంతే. జనం చేరాక ఈ సుఖమూ పోతుంది, ఆ వెలితీ పోతుంది. అప్పటికీ మారకుండా మిగిలేది ఏమిటన్నది మొదటి వారంలో కంటికి కనిపించదు. దాన్ని సెట్టింగుల్లో, నియమాల్లో, యాజమాన్యంలో వెతకాలి.

గొడవ జరిగినప్పుడే వలస

ప్రత్యామ్నాయ వేదికల చరిత్ర చూస్తే ఒక విషయం తెలుస్తుంది. అక్కడికి జనం వచ్చేది ఆ వేదిక బాగుందని తెలిసి కాదు, పాత చోట మనసు విరిగి. ట్విటర్ లాంటి చిన్న పోస్టుల వేదిక మాస్టోడాన్‌ను జర్మనీలో ఉండే యూజెన్ రోచ్‌కో అనే ప్రోగ్రామర్ 2016లో మొదలుపెట్టాడు. ఆరేళ్ళపాటు దాని పేరు ఎక్కువగా టెక్నాలజీ మనుషుల మధ్యే తిరిగింది. 2022 అక్టోబర్ 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్ కొనుగోలు పూర్తి చేశాడు. అప్పటికి సుమారు 3 లక్షలున్న మాస్టోడాన్ నెలవారీ వినియోగదారులు నవంబర్‌లో 25 లక్షలు దాటారు. కొన్ని నెలల్లోనే ఆ పొంగు బాగా తగ్గిపోయింది.

అదే వరస మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 2023 జూన్‌లో రెడిట్ అనే చర్చా వేదిక బయటి యాప్‌ల దగ్గర భారీగా డబ్బు వసూలు చేస్తామనడంతో వేల చర్చా బృందాలు నిరసనగా తలుపులు మూసుకున్నాయి. దాన్ని పోలిన లెమ్మీ అనే చిన్న వేదిక పేరు అప్పుడే చాలామందికి తెలిసింది. 2024 ఆగస్టు 30న బ్రెజిల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎక్స్‌ను (ట్విటర్‌కు మస్క్ పెట్టిన కొత్త పేరు) నిలిపివేయమని ఆదేశిస్తే, వారం తిరక్కుండా అలాంటిదే అయిన బ్లూస్కైలో 20 లక్షల మందికి పైగా చేరారు. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా ఎన్నికలయ్యాక ఇంకో పెద్ద అల వచ్చి బ్లూస్కై 2 కోట్లు దాటింది. 2025 జనవరిలో అమెరికాలో టిక్‌టాక్ ఆగిపోతుందన్న భయంతో అక్కడివారు చైనా యాప్ షియావోహోంగ్‌షూలోకి గుంపులుగా వెళ్ళారు. టిక్‌టాక్ ఆగింది ఒక పూట మాత్రమే. అది తిరిగి తెరుచుకున్నాక ఆ సందడి చల్లబడింది.

ఇలాంటి అల మీద వచ్చి ఒక వేదికను అంచనా వేయడం కష్టం. కోపంలో కట్టిన మూటలతో వచ్చినవారు మొదటి నెలంతా మాట్లాడుకునేది పాత చోటు గురించే. మాస్టోడాన్‌లో ఆ రోజుల్లో ఎటు చూసినా ట్విటర్ కబుర్లే. ఇల్లు మారినవాడు కొత్త ఇంట్లో కూర్చుని పాత ఇంటి యజమానిని తిట్టుకున్నట్టు ఉండేది. ఆ కబుర్లు అయిపోయాక మాట్లాడుకోవడానికి ఏముంటుందన్నది అసలు ప్రశ్న.

పూర్తిగా వేరే కథ థ్రెడ్స్‌ది. ట్విటర్ లాంటి ఈ వేదికను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా 2023 జూలై 5న విడుదల చేసింది. ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారు. ఇంత వేగానికి కారణం ఒక్కటే: ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్‌తోనే లోపలికి రావచ్చు, అక్కడ ఫాలో అయ్యేవారి జాబితాను ఒక్క నొక్కుతో ఇక్కడికి తెచ్చుకోవచ్చు. ఖాళీ ఫీడ్ సమస్య దానికి ఎదురవలేదు. అయినా అదే నెలాఖరుకు, చేరినవారిలో సగం మంది కూడా నిలవలేదని మార్క్ జుకర్‌బర్గ్ తన ఉద్యోగులకు చెప్పాల్సి వచ్చింది. మెటాకు డబ్బూ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ నుంచి జనాన్ని తోలుకొచ్చే మార్గమూ ఉంది, కాబట్టి ఓపిక పట్టింది. 2024 చివరికి నెలకు 30 కోట్ల మంది వాడుతున్నారని ప్రకటించింది. అలాంటి ఓపిక పట్టగల స్తోమత చిన్న వేదికలకు ఉండదు.

డబ్బూ జనమూ ఉంటే చాలని కూడా అనుకోవడానికి లేదు. 2011లో వచ్చిన గూగుల్ ప్లస్‌కు రెండూ ఉన్నాయి. జీమెయిల్ ఉన్న ప్రతివారినీ దాదాపు బలవంతంగా అందులోకి లాగారు. అక్కడి సందర్శనల్లో 90 శాతం 5 సెకన్లలోపే ముగుస్తున్నాయని 2018లో గూగుల్ స్వయంగా ఒప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో మామూలు వినియోగదారులకు దాన్ని మూసేసింది. నలుగురితో నారాయణ అంటారు గానీ, ఆ నలుగురూ తలుపు తీసి తొంగి చూసి పోతుంటే కబుర్లు ఎలా సాగుతాయి?

ఫీడ్ ఎవరి చేతిలో

మొదటి వారంలో విసుగు పుట్టించినా నిజంగా వేదికకు సంబంధించిన తేడా ఒకటుంది. మన ముందు ఏ పోస్ట్ రావాలో నిర్ణయించేది ఎవరు అన్నది.

పెద్ద యాప్‌లలో ఆ పని అల్గారిథమ్‌ది. దేని దగ్గర వేలు ఆగిందో, ఏ వీడియో రెండుసార్లు చూశామో గమనించి ఫీడ్ నింపుతుంది. ఇందులో మనం చేసే శ్రమ ఏమీ లేదు. మాస్టోడాన్ హోమ్ ఫీడ్‌లో ఆ ఏర్పాటు లేదు. ఫాలో అయినవారి పోస్టులు, వారు ముందుకు పంపిన పోస్టులు సమయం వారీగా వస్తాయి, అంతే. వినడానికి న్యాయంగా ఉంటుంది. వాడి చూస్తే దాని ఇబ్బంది తెలుస్తుంది. రోజుకు నలభై పోస్టులు పెట్టే మనిషి ఒక్కడుంటే చాలు, వారానికి ఒక మంచి మాట రాసేవారు పదిమందీ ఆ వరదలో మునిగిపోతారు. అర్ధరాత్రి మంచి వ్యాసం ఎవరైనా పంచుకుంటే ఉదయానికి అది ఎక్కడో అడుగున ఉంటుంది. అల్గారిథమ్ మనకు తెలియకుండా చేసిన పనిని ఇక్కడ మనమే చేసుకోవాలి: ఎక్కువ వాగేవారిని తాత్కాలికంగా మ్యూట్ చేయడం, దగ్గరివారిని ఒక లిస్టులో పెట్టుకోవడం, ఆసక్తి ఉన్న హ్యాష్‌ట్యాగ్‌లను ఫాలో అవడం.

ఈ పని చేయడానికి ఓపిక లేనివారికి మాస్టోడాన్ నచ్చదు. అందులో తప్పేమీ లేదు. దీనికి "నీకు పాత వ్యసనం పోలేదు" అని సలహా ఇచ్చేవారు అక్కడ పుష్కలంగా దొరుకుతారు. ఆ సలహా విని వెళ్ళిపోయినవారూ తక్కువేమీ కాదు.

బ్లూస్కై మధ్యేమార్గం పట్టింది. 2023 నుంచి అక్కడ ఫీడ్‌లను ఎవరైనా తయారు చేసి నలుగురికీ ఇవ్వవచ్చు. పక్షుల ఫొటోలకు ఒకటి, శాస్త్రవేత్తల పోస్టులకు ఒకటి, మనం ఫాలో అయ్యేవారిలో తక్కువగా రాసేవారి మాటలు మాత్రమే చూపించేది ఒకటి. అల్గారిథమ్ ఉంటుంది గానీ ఏది కావాలో ఎంచుకునేది మనం. ఖాళీ ఫీడ్ బాధకు కూడా అది 2024 జూన్‌లో ఒక మందు కనిపెట్టింది. దాని పేరు స్టార్టర్ ప్యాక్. ఒకరు 150 మంది వరకూ పేర్లతో జాబితా చేసి పంచితే, కొత్తగా వచ్చినవారు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అవవచ్చు. నవంబర్ అలలో వచ్చినవారికి ఇది బాగా కలిసొచ్చింది. దీనికీ ఒక దుష్ఫలితం ఉంది. మొదట్లో జాబితాల్లోకి ఎక్కినవారికి ఉన్నట్టుండి వేల మంది ఫాలోయర్లు వచ్చిపడ్డారు, ఎక్కనివారు ఎప్పటికీ వెనకబడే ఉన్నారు. పాత చోట పేరున్నవారే కొత్త చోటా పెద్దలయ్యారు.

కొన్ని తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ మాట తీరునే మారుస్తాయి. ఒకరి పోస్ట్‌ను ఎత్తి చూపి దాని మీద తన వ్యాఖ్య జోడించే కోట్ పోస్ట్ సదుపాయాన్ని మాస్టోడాన్ చాలా ఏళ్ళు కావాలనే ఇవ్వలేదు. ఎదుటివారిని నలుగురిలో నిలబెట్టి ఎగతాళి చేయడానికే అది ఎక్కువ పనికొస్తోందని దాన్ని తయారుచేసినవారి అప్పటి అభిప్రాయం. పోస్టుల్లోని మాటలను వెతికే సౌకర్యం కూడా 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 4.2 వెర్షన్‌తో గానీ అందరికీ సాధ్యపడలేదు. అదీ రాసినవారు ఒప్పుకుంటేనే. అంతకుముందు వెతకాలంటే ప్రధానంగా హ్యాష్‌ట్యాగే గతి. "ఇంత చిన్న సదుపాయం కూడా లేదా" అని కొత్తవారు విసుక్కునేవారు. ఆ లేకపోవడం వల్లే అక్కడ మనశ్శాంతిగా ఉందని పాతవారు అనేవారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

సర్వర్ అనే మొదటి గండం

మాస్టోడాన్ ఒకే కంపెనీ నడిపేది కాదు, వేరువేరు మనుషులు ఎవరికి వారు నడిపే సర్వర్ల కూటమి. అందుకే అక్కడ అకౌంట్ తెరవబోతే ముందు వచ్చే ప్రశ్న: ఏ సర్వర్? ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. పేర్లు వందలకొద్దీ కనిపిస్తాయి. తప్పుడుది ఎంచుకుంటే ఏమవుతుందో తెలియదు. ఈమెయిల్‌తో పోల్చి దీన్ని వివరించడం అలవాటు. ఎవరి దగ్గర అకౌంట్ ఉన్నా ఎవరికైనా మెయిల్ పంపగలిగినట్టే, ఏ సర్వర్‌లో ఉన్నా వేరే సర్వర్‌లోని మనిషిని ఫాలో అవవచ్చు. సర్వర్లు మాట్లాడుకునే ఉమ్మడి భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. ఫొటోల కోసం పిక్సెల్‌ఫెడ్, వీడియోల కోసం పీర్‌ట్యూబ్ కూడా ఈ భాషే మాట్లాడతాయి. వీటన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు.

పోలిక బాగానే ఉంది గానీ సగం దారిలో ఆగిపోతుంది. మెయిల్ నడిపే కంపెనీ మనం ఎవరికి ఏం రాస్తున్నామో చూసి మన పొరుగువారితో సంబంధం తెంచుకోదు. మాస్టోడాన్ సర్వర్ నడిపేవారు మాత్రం వేరే సర్వర్‌ను పూర్తిగా దూరం పెట్టగలరు. 2019లో తీవ్ర మితవాదులు ఎక్కువగా చేరిన గ్యాబ్ అనే వేదిక మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు చాలా సర్వర్లు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. కేంద్ర కార్యాలయం అంటూ లేకుండానే ఒక పెద్ద గుంపును బయట నిలబెట్టగలిగారు. అదే అధికారం చిన్న తగాదాల్లోనూ వాడుకలోకి వస్తుంది. ఇద్దరు అడ్మిన్లకు పడకపోతే, ఒక ఉదయం లేచి చూసేసరికి మన స్నేహితుడి పోస్టులు రావడం ఆగిపోవచ్చు.

పైగా ఆ సర్వర్ నడిపేది చాలాచోట్ల జీతం లేని మనిషి. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఫిర్యాదులు చూస్తూ, అద్దె కట్టడానికి విరాళాలు అడుగుతూ ఉంటాడు. ఆ మనిషి అలసిపోతే సర్వర్ ఆగిపోతుంది. 2022 అక్టోబర్‌లో, సరిగ్గా జనం ఎగబడే ముందు, మాస్టోడాన్ డాట్ టెక్నాలజీ అనే పేరున్న సర్వర్ మూతపడుతున్నట్టు దాని నిర్వాహకుడు ప్రకటించాడు. 2024 ఫిబ్రవరిలో అంతకంటే వింత జరిగింది. అఫ్గానిస్థాన్‌కు చెందిన డాట్ ఏఎఫ్ డొమైన్‌తో నడుస్తున్న ఒక సర్వర్ పేరును తాలిబాన్ ప్రభుత్వ శాఖ రద్దు చేసింది. పేరు చమత్కారంగా ఉందని పెట్టుకున్న చిరునామా, చివరికి ఎవరి చేతిలో ఉందో అప్పుడు తెలిసింది.

ఈ గండం వల్ల కొత్తవారు పారిపోతున్నారని గ్రహించి, 2023లో మాస్టోడాన్ అధికారిక యాప్ ఒక సర్దుబాటు చేసింది. ఎంపిక అడగకుండా ముందుగా తమ సొంత పెద్ద సర్వర్‌నే చూపిస్తుంది. వేరేది కావాలంటే వెతుక్కోవచ్చు. చేరడం సులువైంది. ఒకే చోట గుంపు చేరకూడదన్న మొదటి ఆదర్శానికి మాత్రం ఇది కాస్త ఎదురే. బ్లూస్కైలోనూ ఇదే సంగతి. ఏటీ ప్రోటోకాల్ అనే దాని నిర్మాణం ప్రకారం ఎవరి డేటా వారు సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఆచరణలో అత్యధికుల డేటా ఉన్నది ఆ కంపెనీ సర్వర్లలోనే. తలుపు ఉంది, తాళం వేయలేదు, కానీ బయటికి నడిచేవారు తక్కువ. అయినా ఆ తలుపుకు విలువ లేదని అనలేం. సొంత వెబ్‌సైట్ డొమైన్‌నే అకౌంట్ పేరుగా పెట్టుకునే వీలు బ్లూస్కైలో ఉంది. ఒక వార్తాసంస్థ ఉద్యోగి పేరు ఆ సంస్థ డొమైన్‌తో ముగిస్తే అసలైనవారేనా అని వేరే గుర్తు అడగనక్కరలేదు.

ఖర్చు ఎవరిది

ప్రకటనలు లేవని మురిసిపోయే ముందు ఒక్కసారి అడగాల్సిన ప్రశ్న ఇది. 2012లో యాప్ డాట్ నెట్ ఏడాదికి 50 డాలర్లు తీసుకుని ప్రకటనల్లేని వేదిక ఇస్తామంది. చెల్లించేవారు చాలినంత మంది దొరక్క 2017లో మూతపడింది. 2014లో ఎల్లో అనే వేదిక "మీరు సరుకు కాదు" అనే ప్రకటనతో ఒక ఊపు ఊపింది. పెట్టుబడిదారుల డబ్బుతో నడిచి, చేతులు మారి, 2023లో కనుమరుగైంది. 2022లో వచ్చిన కోహోస్ట్ లైకుల సంఖ్య చూపించకుండా, ప్రకటనలు లేకుండా, వాడినవారు ప్రేమగా చెప్పుకునేంత బాగా నడిచింది. డబ్బు లేక 2024లో ఆగిపోయింది. భారతీయ భాషలను నమ్ముకుని 2020లో మొదలైన కూ, 2022 నవంబర్‌లో అనుకోకుండా బ్రెజిల్‌లో కూడా పేరు తెచ్చుకుంది. పోర్చుగీసులో ఆ పేరు పలికితే బూతులా వినిపించడం కూడా ఆ ప్రచారానికి తోడ్పడింది. పెద్ద కంపెనీలతో చర్చలు ఫలించక 2024 జూలైలో అదీ మూతపడింది.

మాస్టోడాన్ విరాళాలతో, బ్లూస్కై పెట్టుబడులతో నడుస్తున్నాయి. బ్లూస్కై 2023లో 80 లక్షల డాలర్లు, 2024 అక్టోబర్‌లో ఇంకో 1.5 కోట్ల డాలర్లు సమీకరించింది. పెట్టుబడి అంటే ఎప్పటికైనా తిరిగి రాబట్టుకోవాల్సిన డబ్బు. ఇప్పుడున్న ప్రశాంతతకు బిల్లు కట్టేది ఎవరో ఒకరు, ఆ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు.

బయటికి వెళ్ళే దారి

కాబట్టి కొత్త వేదికలో మొదటి రోజే చూడదగ్గ పేజీ, ప్రొఫైల్ ఫొటో మార్చే పేజీ కాదు, అకౌంట్ ఎగుమతి చేసే పేజీ. పెళ్ళిలో విడాకుల మాటలా ఉంటుంది గానీ తప్పదు.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి మూడు: రాసినవి, మనుషులతో సంబంధాలు, పేరు. ఏ వేదికా మూడింటినీ సులువుగా ఇవ్వదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 20వ అధికరణ ప్రకారం మన డేటాను మనం అడిగి తీసుకోవచ్చు. పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు ఒక జిప్ ఫైల్ ఇస్తున్నాయి. అందులో పదేళ్ళ పోస్టులుంటాయి. వాటిని చదవడానికి మనుషులుండరు. ఆ ఫైలును తీసుకుని లోపల పెట్టుకునే ఇంకో వేదిక కూడా సాధారణంగా ఉండదు. సామాను బయట పెట్టారు సరే, దించుకునే ఇల్లేదీ?

మాస్టోడాన్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారితే ఫాలోయర్లు వాళ్ళంతట వాళ్ళే మనతో వస్తారు. పాత పోస్టులు రావు. అంటే మనుషులను ఇచ్చి రాతలను ఉంచేసుకుంటుంది. పాత సర్వర్ హఠాత్తుగా మాయమైతే ఈ మార్పిడి కూడా కుదరదు, ఎందుకంటే "ఫలానా చోటికి వెళ్ళారు" అని చెప్పాల్సింది ఆ పాత సర్వరే. బ్లూస్కై నిర్మాణంలో రాతలూ ఫాలోయర్లూ రెండూ కదలగలవు. ఆ పని ఇంకా సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారికే తేలిక. నాస్టర్ అనే మరో పద్ధతిలో అకౌంట్ అంటే ఒక రహస్య సంకేతం మాత్రమే. దాన్ని ఎక్కడికైనా పట్టుకెళ్ళవచ్చు, ఏ కంపెనీ మూసేయలేదు. పోగొట్టుకుంటే తిరిగి ఇచ్చే నాథుడూ లేడు, పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కే చోటూ లేదు. ఇక థ్రెడ్స్ మొదట్లో ఇంకో చివరన ఉండేది. ఆ ప్రొఫైల్ తీసేయాలంటే ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్‌నే వదులుకోవాలి. విమర్శలు వచ్చాక 2023 నవంబర్‌లో ఆ ముడి విప్పారు.

పెద్ద కంపెనీ దగ్గరుంటే భద్రం అనుకోవడానికి, ఒకప్పటి పెద్ద సోషల్ మీడియా వేదిక మైస్పేస్ ఉదంతం అడ్డొస్తుంది. 2019లో బయటపడిన విషయమేమిటంటే, సర్వర్లు మార్చేటప్పుడు 2015కి ముందు పన్నెండేళ్ళలో జనం పెట్టుకున్న పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయి. పోయిన పాటలే సుమారు 5 కోట్లని అంచనా. ఏ వేదికలోనైనా రాసే ముఖ్యమైన మాటకు ఒక నకలు సొంత కంప్యూటర్లో ఉండటం మంచిదని ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

గోప్యత విషయంలో రెండు మాటలు. ప్రత్యామ్నాయం అనగానే రహస్యం అనుకోవడం మామూలే. మాస్టోడాన్‌లో ప్రైవేటు సందేశాలను సర్వర్ నడిపేవారు చూడాలనుకుంటే చూడగలరు. బ్లూస్కైలో ఎవరిని బ్లాక్ చేశామన్నది కూడా బహిరంగ సమాచారమే. ఒక సర్వర్ నుంచి వేల సర్వర్లకు వెళ్ళిన పోస్టును తుడిచేస్తే, తుడవమని కబురు మాత్రమే వెళుతుంది, అందరూ తుడిచారన్న హామీ లేదు.

ఇంగ్లీషు కాని భాషల్లో రాసేవారికి ఇంకో చిక్కుంది. చిన్న వేదికలో ఒక భాషవారు వందమంది ఉన్నా వారిని కనిపెట్టడం కష్టం. ఒకే మాటకు హ్యాష్‌ట్యాగ్ నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది, సొంత లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు. మాస్టోడాన్, బ్లూస్కై రెండింటిలోనూ పోస్ట్‌కు భాష పేరు తగిలించే వీలుంది. చాలామంది దాన్ని పట్టించుకోక ఇంగ్లీషు గుర్తుతోనే వదిలేస్తారు. ఆ మాటలు ఆ భాషవారికి చేరవు. తిట్లూ బెదిరింపులూ వస్తే ఫిర్యాదు వెళ్ళేది ఆ లిపి చదవలేని మోడరేటర్ దగ్గరికి. ఈ విషయంలో పెద్ద వేదికలు కూడా ఏమంత గొప్పగా లేవు గానీ, చిన్నవాటికి మనుషులను పెట్టుకునే డబ్బు కూడా ఉండదు.

ప్రయత్నించే పద్ధతి

వారం చాలదు, అలా అని ఏడాది ఎదురుచూడనక్కరలేదు. ఒక నెల సరిపోతుంది, అదీ అల తగ్గాక మొదలుపెడితే. ఆ నెలలో పోస్టులు పెట్టడం కంటే జవాబులివ్వడం మేలు. పేరు తెలియని మనిషి గోడ మీద రాసింది ఎవరూ చదవరు గానీ, తమ పోస్ట్ కింద వచ్చిన మంచి జవాబును ప్రతివారూ చదువుతారు. పాత చోట రాసిందే యంత్రంతో ఇక్కడ కూడా పడేలా ఏర్పాటు చేసుకుంటే అది ప్రయత్నించినట్టు కాదు. అలాంటి అకౌంట్లకు ఎవరైనా జవాబిస్తే వినే మనిషి ఉండడు, రెండోసారి ఎవరూ పలకరించరు. పాత స్నేహితులందరినీ వెంట తెచ్చుకోవాలన్న ఆశ కూడా ఆ నెలకు పక్కన పెట్టవచ్చు. ఒక్క విషయం, దాని మీద ఆసక్తి ఉన్న యాభై మంది చాలు.

పాత అకౌంట్‌ను ఈలోగా మూయనక్కరలేదు. అసలు ఒకటి వదిలి ఒకటి పట్టుకోవాలన్న లెక్కే మెల్లగా మారుతోంది. 2024 మార్చి నుంచి కొన్ని దేశాల్లోని థ్రెడ్స్ వినియోగదారులు కోరుకుంటే వారి పోస్టులు మాస్టోడాన్‌లో కూడా కనిపిస్తున్నాయి. మాస్టోడాన్‌కూ బ్లూస్కైకీ మధ్య బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన పనిచేస్తోంది. ఒక చోట అకౌంట్ ఉంటే, అటువైపు ఒప్పుకున్నవారిని ఇక్కడి నుంచే ఫాలో అవవచ్చు.

ఆ వంతెన కట్టేటప్పుడు జరిగిన రగడ గుర్తుంచుకోదగ్గది. 2024 ఫిబ్రవరిలో దాన్ని తయారు చేసిన ప్రోగ్రామర్ మొదట అనుకున్నది, వద్దన్నవారిని తప్ప అందరినీ కలిపేద్దామని. అందరూ సంతోషిస్తారనుకున్నాడు. మాస్టోడాన్ వైపు నుంచి కోపంతో కూడిన జవాబులు కుప్పలుగా వచ్చాయి. తమను అడగకుండా తమ మాటలను పెద్ద గుంపులోకి తీసుకెళ్ళే హక్కు ఎవరిచ్చారని నిలదీశారు. చివరికి అతను పద్ధతి తిరగేశాడు. ఇప్పుడు కావాలని కోరినవారు మాత్రమే అటు కనిపిస్తారు. జనం తక్కువని కొత్తవారు ఫిర్యాదు చేసే ఆ చోటికే, జనం తక్కువని వెతుక్కుంటూ వచ్చినవారు అంతమంది ఉన్నారు.